నిన్నటి అన్నానికి పట్టం కట్టిన ఊరు

మరికినాలో పొద్దుటి వంట ముందురోజు రాత్రే మొదలవుతుంది. భోజనాలయ్యాక గిన్నెలో మిగిలిన అన్నాన్ని ఇల్లాలు పారబోయదు. గరిటెతో కదిపి వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోయాక మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోస్తుంది. తెల్లవారుజామున ఆ ఇంటి కిటికీలోంచి సందులోకి వెల్లుల్లి వేగుతున్న వాసన వస్తుంది. కాసేపటికి పక్కింట్లోంచి, ఆ తర్వాత ఎదురింట్లోంచి. సూర్యుడు కొండల మీదికి ఎక్కేసరికి వీధి వీధంతా ఒకటే కమ్మదనం.

ఫిలిప్పీన్స్ రాజధాని ప్రాంతమైన మెట్రో మనీలాకు తూర్పు అంచున, సియెర్రా మాద్రే కొండల దిగువన లోయలో ఒదిగిన నగరమిది. మధ్యలోంచి మరికినా నది పారుతుంది. పర్యాటకుల జాబితాలో పెద్దగా కనిపించని ఈ ఊరికి దేశంలో రెండు పేర్లున్నాయి. ఒకటి చెప్పుల ఊరని. రెండోది తాప్‌సిలోగ్ పుట్టిన ఊరని. తాప్‌సిలోగ్ అంటే ఒక పళ్లెంలో మూడు పదార్థాలు: ఊరబెట్టి వేయించిన మాంసం తాపా, వెల్లుల్లితో వేయించిన అన్నం సినాంగాగ్, గుడ్డు ఇత్లోగ్. మూడు పేర్ల ముక్కలూ కలిపి ఒక్క పేరు చేశారు. తాపా బదులు తీపి పంది మాంసం తోసినో పెడితే తోసిలోగ్, లోంగ్గనిసా సాసేజీలు పెడితే లోంగ్‌సిలోగ్, బాంగుస్ చేప పెడితే బాంగ్‌సిలోగ్. ముందు భాగం ఎన్ని రకాలుగా మారినా వెనక అన్నమూ గుడ్డూ మారవు. ఈ పళ్లెం గురించి రాసేవాళ్లు ఎక్కువగా మాంసం గురించే రాస్తారు. నాకు మాత్రం ఇందులో అసలు నాయకుడు ఆ చల్లారిన అన్నమే అనిపిస్తుంది. మిగతావన్నీ దాని పరివారం.

ఊరి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పళ్లెం ఇలాంటి ఊళ్లోనే పేరు తెచ్చుకోగలదు. 1887లో లౌరియానో గెవారా అనే స్థానిక పెద్దమనిషి విదేశీ బూట్ల జతను విప్పదీసి, అది ఎలా కుట్టారో నేర్చుకుని, ఇరుగుపొరుగుకు నేర్పాడు. కపితాన్ మోయ్ అని ఆయనను ఇప్పటికీ తలుచుకుంటారు, ఆయన ఇల్లు ఇంకా నిలిచి ఉంది. అక్కణ్నుంచి మరికినాలో చెప్పుల పని ఇంటింటి పనైంది. అరుగు మీద ఒకరు తోలు కోస్తారు, లోపల ఒకరు కుడతారు, మరొకరు అడుగు అతికిస్తారు. జతకింత అని కూలి. పండగల సీజన్ వస్తే రాత్రంతా పని. 2001లో తెరిచిన ఇక్కడి పాదరక్షల మ్యూజియంలో దేశ మాజీ ప్రథమ మహిళ ఇమెల్డా మార్కోస్ జోళ్లు వందల్లో ఉన్నాయి. జనం వాటిని చూడ్డానికే వస్తారు. ఆ అద్దాల పెట్టెల ముందు నిలబడ్డప్పుడు, వాటిలాంటివి కుట్టిన చేతులు పొద్దున ఏం తిని పనిలో కూర్చున్నాయా అన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. చౌక దిగుమతులు వచ్చి పడ్డాక చాలా కార్ఖానాలు మూతపడ్డాయి. పొద్దున్నే కడుపు నిండా తిని పనికి పోయే అలవాటు మాత్రం ఊరిని వదల్లేదు.

అన్నమూ గుడ్డూ మాంసమూ కలిపి పొద్దున తినడం ఫిలిప్పీన్స్‌లో కొత్త కాదు. ఆ కలయికకు పేరు పెట్టి, పళ్లెం లెక్కన అమ్మడం కొత్త. 1980లలో మనీలా చుట్టుపక్కల తాప్సిహాన్‌లనే చిన్న చిన్న తిండి దుకాణాలు వెలిశాయి. రాత్రంతా తెరిచి ఉండేవి. జీప్నీలనే అద్దె బండ్ల డ్రైవర్లు, షిఫ్టు కార్మికులు, విద్యార్థులు, మందు దిగక తిరిగే కుర్రాళ్లు, అందరూ అక్కడికే. తాప్‌సిలోగ్ అన్న పేరును మొదట వాడింది మరికినాలో 'తాప్సి నీ వివియన్' నడిపిన వివియన్ దెల్ రొసారియో అని చెప్తారు. పేరు పలకడం తేలిక, బోర్డు మీద రాయడం తేలిక, వంటింట్లోకి కేకేయడం ఇంకా తేలిక. కొన్నేళ్లలోనే దేశమంతా పాకింది. అటు ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం దిలిమాన్ ప్రాంగణంలో రోడిక్స్ అనే చిన్న హోటల్, తాపాను సన్నగా చీలికలు చేసి పెట్టి, తరాల విద్యార్థులకు ఇదే పళ్లెం అలవాటు చేసింది. 1980ల మధ్యలో ఆ దేశం అప్పుల ఊబిలో ఉంది. పెసో విలువ పడిపోయింది, ధరలు మండిపోయాయి. అలాంటి రోజుల్లో మిగిలిన అన్నాన్ని, ఒక గుడ్డును, పిడికెడు మాంసాన్ని కలిపి కడుపు నింపే పళ్లెం జనానికి దగ్గరైందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పటి తాప్సిహాన్ ఎలా ఉంటుందంటే, వీధి వైపు తెరుచుకున్న కౌంటరు, నాలుగు ప్లాస్టిక్ బల్లలు, గోడకు ఫొటోలతో మెనూ బోర్డు. పెద్ద సెగ మీద బాణలి. దాన్ని కవాలి అంటారు, చైనా వాళ్ల వంటింటి బాణలికి తమ్ముడు. వడ్డించే అమ్మాయిని 'ఆతే' అని పిలవాలి, అబ్బాయినైతే 'కూయా'. అంటే అక్క, అన్న. ముక్కూ మొహం తెలియని మనిషిని చుట్టరికం కలిపి పిలిచే మన పద్ధతే. పక్క బల్ల మీద తింటున్నవాళ్లతో చూపు కలిస్తే చాలు, 'కాయిన్ తాయో' అంటారు. రండి, తిందాం అని. నిజంగా వెళ్లి కూర్చోమని కాదు, తింటూ ఉండగా ఎదుటి మనిషిని అడక్కుండా ఉండలేకపోవడం. 'భోంచేశారా' అని పలకరించే నేల నుంచి వెళ్లినవాళ్లకు ఆ మాట వినగానే ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది.

ఇక వంట.

అప్పుడే వండిన అన్నంతో సినాంగాగ్ చేయకూడదు. వేడి అన్నంలో పిండిపదార్థం మెత్తగా, జిగురుగా ఉంటుంది. బాణలిలో వేస్తే ముద్దవుతుంది. చల్లారాక ఆ పిండిపదార్థంలోని అమైలోజ్ అనే భాగం మళ్లీ బిగుసుకుని మెతుకు గట్టిపడుతుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఆ బిగువు ఇంకా తొందరగా వస్తుంది. పొద్దున తీసినప్పుడు గడ్డకట్టి ఉంటుంది. చేతిని కాస్త నీళ్లతో తడుపుకుని, ఉండలన్నీ వేళ్లతో చిదుపుతూ ఏ మెతుకుకు ఆ మెతుకు విడదీయాలి. చాలా ఇళ్లలో ఈ పని పిల్లలది. ఉప్పు కలిపిన నీళ్లు ఒక చెంచాడు చిలకరించి చిదిపేవాళ్లూ ఉన్నారు, అలా చేస్తే ఉప్పు అంతటా సమంగా పడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. వండిన అన్నాన్ని రాత్రంతా గది వేడిలో వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, అది వదిలే ఒక విషం మళ్లీ వేయించినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. అందుకే పళ్లెంలో పలుచగా పరిచి తొందరగా చల్లార్చి, గంటా రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

తర్వాత వెల్లుల్లి. నాలుగు కప్పుల అన్నానికి పది రెబ్బలైనా ఉండాలి, తక్కువైతే అది సినాంగాగ్ అనిపించుకోదు. ఇలోకోస్ ప్రాంతంలో పండే దేశవాళీ వెల్లుల్లి చిన్నగా, ఘాటుగా ఉంటుంది. బజార్లో ఎక్కువగా దొరికేది మాత్రం చైనా నుంచి వచ్చే లావు రెబ్బలే. రోకలితో ఒక్క దెబ్బ వేసి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా తరగాలి. మరీ ముద్దగా నూరితే అడుగంటి మాడుతుంది. నూనె కాగనివ్వకుండా, చల్లటి నూనెలోనే వెల్లుల్లి వేసి సన్న సెగ మీద పెట్టడం తెలిసినవాళ్ల పద్ధతి. నూనెతోపాటు వేడెక్కుతూ లోపలి తేమంతా వదిలి కరకరలాడుతుంది, వాసన నూనెలోకి దిగుతుంది. లేత బంగారు రంగు రాగానే సగం తీసి పక్కన పెట్టేయాలి. బాణలి దించాక కూడా వెల్లుల్లి వేగుతూనే ఉంటుంది. గోధుమ రంగు వచ్చేదాకా ఆగితే పళ్లెంలోకి చేరేసరికి నల్లబడి చేదెక్కుతుంది. అంత చేదుకు మందు లేదు, మొదటినుంచీ చేసుకోవాల్సిందే.

మిగిలిన సగం వెల్లుల్లి ఉన్న నూనెలో చిదిపిన అన్నం వేసి సెగ పెంచుతారు. అట్లకాడతో అడుగునుంచి తిరగేయడం, అన్నాన్ని బాణలి గోడకు ఒత్తి క్షణం ఆగడం, మళ్లీ తిరగేయడం. ఒత్తిన చోట మెతుకులు కాస్త ఎర్రబడతాయి. కొంతసేపటికి మెతుకులు ఎగిరిపడడం మొదలవుతుంది, చప్పుడు మారుతుంది. అప్పుడు దించాలి. ఉప్పు, వెల్లుల్లి, నూనె, అంతే. సోయా సాస్ వేయరు, కూరగాయ ముక్కలు వేయరు, గుడ్డు అందులో కొట్టరు. మనం ఇక్కడ ఫ్రైడ్ రైస్ అని తినే దానికీ దీనికీ అదే తేడా. అది ఒంటరిగా నిలబడే వంటకం. ఇది పక్కనున్న మాంసం పులుపునూ తీపినీ గుడ్డు సొననూ పీల్చుకోవడానికి వండిన అన్నం. ఒక్క సినాంగాగ్ మాత్రమే తిని చప్పగా ఉందనేవాళ్లున్నారు. చప్పగా ఉండడమే దాని పని. రాత్రి మాంసం వేయించిన బాణలి కడగకుండా అందులోనే అన్నం వేయించే ఇళ్లూ ఉన్నాయి, అడుగున మిగిలిన ఇగురూ కొవ్వూ అన్నానికి పడతాయి. ఆ అన్నం రుచి నేను మాటల్లో పెట్టలేను.

గుడ్డు విషయంలో ఇంటికో ఇష్టం. తాప్సిహాన్‌లో అడక్కపోతే వచ్చేది మన టిఫిన్ సెంటర్లలో హాఫ్‌బాయిల్ అనే రకం. కాకపోతే నూనె దండిగా పోసి, బాగా కాగాక గుడ్డు కొడతారు. తెల్లసొన అంచులు బుడగలు వచ్చి ఎర్రగా కరకరలాడతాయి. నూనెను చెంచాతో మీద పోస్తే పైభాగమూ గట్టిపడుతుంది, పచ్చసొన మాత్రం కదులుతూనే ఉంటుంది. తినేటప్పుడు చేసే మొదటి పని ఆ పచ్చసొనను చెంచా అంచుతో పగలగొట్టి అన్నంలోకి వదలడం. ఫిలిప్పీన్స్‌లో కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు పట్టుకుంటారు. ఫోర్కుతో తోస్తారు, చెంచాతో తింటారు. ఇంటి దగ్గర చేత్తో తినడమూ మామూలే. చేత్తో తింటేనే ఆ సొన, అన్నం, వెల్లుల్లి ముక్క ఒక్క ముద్దలో సరిగ్గా కుదురుతాయని మనకు వేరే చెప్పక్కర్లేదు. గుడ్లు ఎక్కువగా బతాంగాస్‌లోని శాన్ హోసే నుంచి వస్తాయి. దేశానికి గుడ్ల గంప అని ఆ ఊరికి పేరు.

తాపా అంటే ఒకప్పుడు ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం, మన ఎండు మాంసం లాంటిదే. ఇప్పుడు ఎండబెట్టడం తగ్గింది. గొడ్డు మాంసాన్ని పలుచగా కోసి సోయా సాస్, కలమాన్సీ రసం, వెల్లుల్లి, మిరియాలు, కాస్త చక్కెరలో రాత్రంతా ఊరబెడతారు. కలమాన్సీ అంటే ఉసిరికాయంత ఉండే పచ్చటి నిమ్మ, వాసన నారింజకు దగ్గర. వేయించే తీరులో ఒక చిన్న రహస్యం ఉంది. ముందు నూనె వేయరు. ఊరిన మాంసాన్ని కొద్దిగా నీళ్లతో బాణలిలో వేసి, నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా ఉడికిస్తారు. అప్పటికి ముక్క మెత్తబడుతుంది, కొవ్వు కరుగుతుంది. ఆ తర్వాతే కాస్త నూనె పోసి వేయిస్తే చక్కెర పాకంలా పట్టి, అంచులు మెరుస్తాయి. తోసినోకూ లోంగ్గనిసాకూ ఇదే పద్ధతి. నేరుగా నూనెలో వేస్తే పైన చక్కెర మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

చివరిది వెనిగర్. ఒక చిన్న గిన్నెలో వెనిగర్, దంచిన వెల్లుల్లి, మిరియాలు, సీలింగ్ లబుయో అనే చిట్టి మిరపకాయ. ఇలోకోస్ చెరకు వెనిగర్ ముదురు రంగులో ఉంటుంది, దక్షిణాది దీవుల్లో కొబ్బరి కల్లుతో చేస్తారు, బులకాన్‌లో నీపా తాటి నుంచి తీస్తారు. నూనెతో, తీపితో, సొనతో బరువెక్కిన నోటిని ఆ పులుపు ఒక్క చుక్కతో తేలిక చేస్తుంది. పక్కన టమాటా ముక్కలు రెండు, పచ్చి బొప్పాయి తురుముతో పెట్టిన అచారా కాస్త. ఇవి లేని సిలోగ్ పళ్లెం కనిపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంట్లో మొదలైన ఈ పొదుపు హోటల్‌కు చేరాక తలకిందులైంది. రోజుకు వందల పళ్లేలు అమ్మే దుకాణంలో అంత అన్నం ఎక్కణ్నుంచి మిగులుతుంది? మిగలదు. కాబట్టి రేపటి సినాంగాగ్ కోసం ఈరోజు ప్రత్యేకంగా వండి, ఆరబెట్టి, చల్లార్చి దాచాలి. పారేయలేక కనిపెట్టిన వంటకానికి ఇప్పుడు మిగులును తయారుచేసుకోవాల్సి వస్తోంది. ఆ శ్రమ తప్పించుకుందామని వేడి అన్నంతోనే కానిచ్చే దుకాణాలూ ఉన్నాయి. ఒక్క చెంచాతో తెలిసిపోతుంది.

మరికినా దాటి వెళ్తే పళ్లెంలో మూడో పదార్థాన్ని బట్టి మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో చెప్పొచ్చు. ఉత్తరాన వీగన్‌లో లోంగ్గనిసా పొట్టిగా, వెల్లుల్లీ వెనిగరూ ఘాటుగా ఉంటుంది. క్వెజోన్‌లోని లుక్బాన్‌లో ఒరెగానో వాసన. పంపాంగా తీపి తోసినోకు ప్రసిద్ధి. దగుపాన్ తీరం బాంగుస్ చేపకు పెట్టింది పేరు. ముళ్లు వందలకొద్దీ ఉండే ఆ చేపను వీపు వైపునుంచి చీల్చి, వెనిగర్‌లో ఊరబెట్టి, అట్లాగే విప్పి వేయిస్తారు. సెబూలో దంగిత్ అనే ఎండు చేప. అమెరికా పాలన 1898 నుంచి దాదాపు అర్ధ శతాబ్దం సాగింది. ఆ కాలపు డబ్బా మాంసం ఇంకా ఇంటింటి అల్మారాలో ఉంది. అది పెడితే స్పామ్‌సిలోగ్, కార్న్‌డ్ బీఫ్ అయితే కార్న్‌సిలోగ్. జీతం రోజుకు దూరంగా ఉన్న పొద్దుల్లో ఎర్రటి హాట్‌డాగ్ చీల్చి వేయించి హాట్‌సిలోగ్ అంటారు. నాకు అన్నింటికంటే తుయో నచ్చుతుంది. మన ఎండు కవళ్లను తలపించే చిన్న ఎండు చేప. అది, అన్నం, గుడ్డు, వెనిగర్. పేదవాడి పళ్లెమంటారు. కోనసీమ తీరంలో ఎండు చేపతో చద్దన్నం తిన్న నోటికి అది పరాయి రుచి కాదు.

మరికినా నదికి అవతలి గట్టున, క్వెజోన్ సిటీ వైపు, ఈస్ట్‌వుడ్ అనే ఐటీ టవర్ల సముదాయం ఉంది. అమెరికా గడియారం ప్రకారం పనిచేసే కాల్ సెంటర్లు. పొద్దున ఆరింటికి అక్కణ్నుంచి బయటపడ్డ కుర్రాళ్లు కళ్లు నులుముకుంటూ సిలోగ్ పళ్లెం ముందు కూర్చుంటారు. అదే బల్ల మీద పక్కన కూర్చున్న జీప్నీ డ్రైవరుకు అది రోజులో తొలి ముద్ద, వీళ్లకు రాత్రి భోజనం. హైదరాబాద్‌లో నైట్‌షిఫ్ట్ దిగి తెల్లవారుజామున ఇడ్లీ బండి దగ్గర నిలబడేవాళ్లకు ఈ దృశ్యం తెలిసిందే.

ఆ నది మామూలప్పుడు సాధువు. గట్టు వెంబడి నడకదారి, చెట్లు, సైకిళ్లు. కానీ వంతెన కింద నీటిమట్టం 18 మీటర్లు తాకితే ఇళ్లు ఖాళీ చేయాల్సిందే. 2009 సెప్టెంబరు 26న ఓందోయ్ తుపాను మనీలా మీద ఒక్క రోజులో 455 మిల్లీమీటర్ల వాన కురిపించింది. 2020 నవంబరులో ఉలిసెస్ తుపాను. రెండుసార్లూ నీరు 21 మీటర్లు దాటింది. జనం ఇంటి కప్పుల మీదికెక్కి సాయం కోసం ఎదురుచూశారు. బురద తోడి, స్టవ్ కడిగి మళ్లీ వెలిగించుకున్న ఊరిది. ఇక్కడ వంటింటి గురించి రాస్తూ ఆ నీటిని మరిచిపోవడం తప్పు.

వరద ఊళ్లనే కాదు, వరి మళ్లనూ ముంచుతుంది. ఇక్కడే ఈ పళ్లెంలోని అన్నానికీ మన గోదావరికీ ఉన్న చుట్టరికం బయటపడుతుంది. మరికినాకు దక్షిణాన, లగూనా ప్రాంతంలోని లోస్ బాన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడింది. నీళ్లలో మునిగి రెండు వారాలున్నా చావకుండా నిలిపే సబ్1 జన్యువును అక్కడి శాస్త్రవేత్తలు పేరున్న వరి రకాల్లోకి చేర్చారు. ఆ జన్యువు ఒడిశా దేశవాళీ వరిది. దాన్ని చేర్చుకున్న రకాల్లో ఒకటి మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ. స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. ఐఆర్64కు అదే జన్యువు చేర్చిన రకాన్ని ఫిలిప్పీన్స్ రైతులు సబ్‌మరినో అని పిలుచుకున్నారు.

అంతకంటే పాత కథ ఐఆర్8ది. ఇండొనేసియా పేటా రకాన్నీ, తైవాన్ పొట్టి వరినీ సంకరపరిచి 1966లో లోస్ బాన్యోస్ విడుదల చేసిన రకమది. ఆ మరుసటి ఏడాదే దాన్ని మన దేశంలో సాగుచేసిన తొలి రైతుల్లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు ఒకరు. గింజలు గాదెలు నింపాయి గానీ అన్నం మాత్రం జనానికి నచ్చలేదు. గింజ సుద్దలా తెల్లగా ఉండేది, వండిన అన్నం చల్లారితే బిరుసెక్కేది. అమైలోజ్ ఎక్కువైన ఫలితం. పొద్దున చల్లన్నం తినే దేశంలో ఆ లోపం చిన్నది కాదు. తర్వాతి ఇరవయ్యేళ్లు దిగుబడి తగ్గకుండా తినడానికి బాగుండే గింజ కోసం శ్రమించారు. పంజాబ్‌లో పుట్టిన గుర్‌దేవ్ ఖుష్ నాయకత్వంలో వచ్చిన ఐఆర్64 ఆ పని చేసిపెట్టింది. ఆ ఐఆర్64నూ మన కృష్ణవేణినీ కలిపి మార్టేరులో పుట్టించిన బిడ్డే ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ రైతులు వెయ్యిన్ని పది అని నోరారా పిలిచే ఆ వడ్లకు తాతగారి ఊరు లోస్ బాన్యోస్.

2025 మార్చి చివరలో తెలంగాణ ప్రభుత్వం 12,500 టన్నుల బియ్యాన్ని కాకినాడ రేవు నుంచి ఫిలిప్పీన్స్‌కు పంపింది. ఆ బియ్యం ఎంటీయూ 1010. మనవడు తాత ఇంటికి వెళ్లినట్టయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట తట్టింది ఎగుమతి లెక్కలు కాదు. నల్లగొండ మడిలో పండిన గింజ మనీలా సందులో ఎవరి బాణలిలోనో వెల్లుల్లితో వేగుతుంది కదా అన్నదే. ప్రపంచంలో బియ్యం అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకుంటున్నది ఇటీవల ఆ దేశమే. 2019లో చట్టం మార్చి దిగుమతులకు గేట్లు తెరిచారు. అయినా 2023 సెప్టెంబరులో ధర చేజారితే కిలో 41, 45 పెసోలు దాటరాదని ప్రభుత్వం ఆజ్ఞ జారీ చేయాల్సి వచ్చింది. మళ్లీ 2025 సెప్టెంబరులో స్థానిక రైతు ధాన్యం ధర కుప్పకూలుతోందని కొంతకాలం దిగుమతులే ఆపేశారు. పండించేవాడికీ తినేవాడికీ మధ్య ఈ తూకం ఎంత కష్టమో వరి దేశం వాళ్లమైన మనకు తెలుసు. 2017లో అక్కడి ఒక సెనేటర్, హోటళ్లలో అడిగినంత అన్నం పెట్టే పద్ధతి ఆరోగ్యానికి మంచిది కాదని, ఆపేస్తే మేలని ఒక మాట అంటే దేశమంతా గగ్గోలెత్తింది. చట్టం చేసే ఉద్దేశం లేదని ఆమె వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మధుమేహం గురించి ఆమె చెప్పిన మాటలో నిజముంది. సిలోగ్ పళ్లెం రోజూ తినదగ్గ పథ్యమని నేనూ అనను. కష్టం చేసే ఒంటికి కట్టిన కొలత అది.

మన పిల్లలు కూడా ఈ పళ్లెం ముందు కూర్చుంటున్నారు. దావావ్‌లోనూ మనీలా చుట్టుపక్కలా వైద్య కళాశాలల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. గొడ్డు మాంసం, పంది మాంసం తిననివాళ్లకు దారి తేలికే. కోడి మాంసంతో చిక్‌సిలోగ్ ఉంది, చేపతో బాంగ్‌సిలోగ్ ఉంది, రెండూ వద్దంటే సినాంగాగ్ మీద రెండు గుడ్లు. కాకపోతే ఆ వంటింట్లో ఒకే బాణలి అన్నింటికీ తిరుగుతుందని తెలుసుకుని అడగాలి. అన్నం మన సన్నబియ్యం కంటే కాస్త అతుక్కునే రకం. హాస్టల్ గదిలో రైస్ కుక్కర్, ఇంటినుంచి తెచ్చుకున్న కారప్పొడి ఉన్న పిల్లలు పొద్దున క్లాసు ముందు రాత్రి అన్నాన్ని వెల్లుల్లితో వేయించి, ఆ పొడి చల్లి, గుడ్డు పగలగొట్టి కలుపుకుంటే, అందులో ఏది దావావ్, ఏది గుంటూరు అని విడదీయడం కష్టం.

ఇక్కడ చేసుకోవాలంటే 1010 బియ్యంతోనైనా సోనామసూరితోనైనా కుదురుతుంది. రోజూకంటే నీళ్లు ఒక పావు తగ్గించి వండాలి, లేకపోతే మెతుకు విడదు. తాపాకు బదులు ఎముకల్లేని చికెన్ పలుచగా కోసి సోయా సాస్, నిమ్మరసం, చక్కెర, మిరియాలు, వెల్లుల్లిలో రాత్రి ఊరబెట్టండి. కలమాన్సీ దొరకదు కాబట్టి నిమ్మరసంలో చెంచాడు నారింజ రసం కలిపితే దగ్గరికి వస్తుంది. గుడ్డు అన్నం అయ్యాకే, పళ్లెం ముందు మనిషి కూర్చున్నాకే వేయండి. వెనిగర్‌కు మన సీసాలోని తెల్ల సింథటిక్ రకం వద్దు, గొంతు పట్టేస్తుంది. చెరకు వెనిగర్‌లో దంచిన వెల్లుల్లి, రెండు పచ్చిమిరపకాయలు వేసి ముందురోజే నానబెట్టి ఉంచుకోండి.